ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టగానే సీపీయూ ఎగబాకుతోందా? కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఇది చదవండి

ల్యాప్‌టాప్ మామూలుగా బాగానే ఉంటుంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచినా, పక్కన వీడియో ఆడుతున్నా ఫ్యాన్ చప్పుడు చేయదు. కానీ యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి రికార్డ్ బటన్ నొక్కిన మరుక్షణం నుంచి కథ మారిపోతుంది. ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, సీపీయూ శాతం పైకెక్కుతుంది, రికార్డైన గొంతులో చిటపటలు వస్తాయి. ఇది చూసి చాలామంది "ప్రాసెసర్ పాతదైపోయింది" అనేసుకుంటారు. నేనూ అదే అనుకున్నా. అనుకోవడమే కాదు, 58 వేలు పెట్టి కొత్త ల్యాప్‌టాప్ కొనేద్దామని నాన్నను ఒప్పించేశా కూడా. చివరికి తప్పు ప్రాసెసర్‌ది కాదని తేలింది. ఎలా తేలిందో మొత్తం చెప్తా, మీ మెషీన్ మీద మీరే చెక్ చేసుకోవచ్చు.

ముందు నా సెటప్ చెప్పాలి. నేను చదువుకుంటూ దొంతన్‌పల్లిలో రూమ్ తీసుకుని ఉంటున్నా. శంకర్‌పల్లి రోడ్డు మీద ఇక్ఫాయ్ యూనివర్సిటీ ఉండే ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, 8వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, విండోస్ 11. రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఒకటి, ఒక కండెన్సర్ మైక్, రికార్డింగ్‌కి రీపర్. (ఈ రీపర్ చేసింది ఒకప్పుడు విన్‌యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెలే. పాత మెషీన్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది కాబట్టి మనలాంటి వాళ్లకి బాగా పనికొస్తుంది.) రౌటర్ కింద ఓనర్ వాళ్లింట్లో ఉంటుంది, నా రూమ్ రెండో అంతస్తులో. సిగ్నల్ అందట్లేదని యాంటెన్నా ఉన్న వైఫై డాంగిల్ ఒకటి కొన్నా. టేబుల్ నీట్‌గా కనిపించాలని మౌస్, డాంగిల్, ఇంటర్‌ఫేస్ మూడూ కలిపి ఒకే యూఎస్‌బీ హబ్‌కి పెట్టేశా. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

గిటార్ రికార్డ్ చేస్తున్నప్పుడు అప్పుడప్పుడు చిటపట వచ్చేది. ఒక షాపులో చూపిస్తే ఐదు నిమిషాలు కూడా చూడకుండా "ఈ ప్రాసెసర్‌తో ఆడియో పని అవ్వదు తమ్ముడూ, కొత్తది తీస్కో" అన్నారు. సరేలే, సెమిస్టర్ అయ్యాక కొందాం అని వదిలేశా.

పెద్దమ్మ వచ్చిన రోజు

బతుకమ్మ ఇంకో పది రోజులుందనగా మా పెద్దమ్మ తాండూరు నుంచి వచ్చింది. మెహిదీపట్నంలో కళ్లు చూపించుకుని, రాత్రికి నా రూమ్‌లో ఆగి, తెల్లారి శంకర్‌పల్లి స్టేషన్‌లో బండి ఎక్కి వెళ్లిపోవాలి. అమ్మ ముందే ఫోన్ చేసి గట్టిగా చెప్పింది: మా అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటలు ఇప్పుడు మొత్తంగా వచ్చింది పెద్దమ్మ ఒక్కదానికే, ఎట్లైనా రికార్డ్ చెయ్యమని. ఫ్యాన్ ఆపేసి, కిటికీకి దుప్పటి కట్టి, మైక్ పెట్టా. పెద్దమ్మ మంచం మీద కూర్చుని చప్పట్లు కొడుతూ నాలుగు పాటలు పాడింది.

ప్లే చేసి చూస్తే ఏముంది, గొంతు మీద ఇసుక పోసినట్టు చిటపట. అంతకంటే ఘోరం చప్పట్లు. పెద్దమ్మ కొట్టిన చప్పట్లలో తాళం ఎక్కడా తప్పలేదు, రికార్డింగ్‌లో మాత్రం కొన్నిచోట్ల తడబడ్డాయి. ఇది మంచి క్లూ, తర్వాత చెప్తా. పెద్దమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, "ఏంది బిడ్డా, నా గొంతే ఇట్ల పగిలిందా? ముసలిదాన్నయిపోయిన" అంది.

"నీ గొంతు మంచిగనే ఉంది పెద్దమ్మా, కంప్యూటర్‌దే ఏదో అయింది" అన్నా. నమ్మినట్టు అనిపించలేదు.

ఇంకోసారి పాడిద్దామని మొదలుపెట్టేసరికి కరెంట్ పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కదా అని అలాగే రికార్డ్ చేశా. చిటపట తగ్గకపోగా రెండింతలైంది. అప్పుడు నేను తీసిన తీర్మానం: బ్యాటరీ మీద ప్రాసెసర్ స్పీడ్ తగ్గుతుంది, చిటపట పెరిగింది, కాబట్టి ప్రాసెసర్‌కి దమ్ము లేదు. షాపాయన చెప్పింది కరెక్టే. వినడానికి లాజిక్ బాగానే ఉంది. కానీ కరెంట్ పోతే మారేది బ్యాటరీ ఒక్కటే కాదు. కింద రౌటర్ కూడా ఆగిపోయింది. అంటే ఒకేసారి రెండు మారాయి, నేను ఒకదాన్నే చూశా.

పెద్దమ్మ పడుకుంది. నేను రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా.

టాస్క్ మేనేజర్‌లో చూడాల్సిన లైన్

ఇంటర్‌ఫేస్ పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి టాస్క్ మేనేజర్ తెరిచా. మొత్తం సీపీయూ 35 శాతం దగ్గర ఉంది. 35 శాతానికి ఏ ప్రాసెసరూ చేతులెత్తేయదు కదా? ప్రాసెస్‌ల లిస్ట్‌ని సీపీయూ ప్రకారం సార్ట్ చేస్తే పైన కనిపించింది రీపర్ కాదు, "సిస్టమ్ ఇంటరప్ట్స్". 14 శాతం.

ఇది నిజానికి ఒక ప్రోగ్రామ్ కాదు, దాన్ని ఎండ్ టాస్క్ చేయలేరు. హార్డ్‌వేర్ పిలుపులకి జవాబివ్వడానికి ప్రాసెసర్ ఖర్చు పెట్టే టైమ్‌ని విండోస్ ఆ పేరుతో చూపిస్తుంది, అంతే. మామూలు మెషీన్‌లో అది ఒకటి రెండు శాతం కూడా దాటకూడదు. దాటుతోందంటే ఏదో పరికరమో, దాని డ్రైవరో ప్రాసెసర్‌ని పదేపదే పిలుస్తోంది, లేదా పిలిచి తొందరగా వదలట్లేదు. మీ దగ్గర ఈ లైన్ తక్కువగా ఉండి రికార్డింగ్ సాఫ్ట్‌వేరే పైన ఉంటే మీ సమస్య వేరు. ప్లగిన్‌లు ఎక్కువయ్యాయన్నమాట. రికార్డ్ చేసేటప్పుడు రివర్బ్, యాంప్ సిమ్యులేటర్ లాంటివి ఆపేయండి, అయిపోయిన ట్రాక్‌లని ఫ్రీజ్ చేయండి, చాలావరకు సరిపోతుంది.

నల్లా కింద చెంబు

బఫర్ గురించి అర్థం కాకపోతే ముందుకెళ్లలేం. ఆడియో ఇంటర్‌ఫేస్ సౌండ్‌ని శాంపిల్స్‌గా మార్చి కంప్యూటర్‌కి పంపిస్తుంది. 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 48,000 శాంపిల్స్. వీటిని ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా తీసుకుంటారు, ఆ గుంపు సైజే బఫర్. నల్లా ఆగకుండా పోస్తోంది, కింద మీరు పాత్ర పెట్టారనుకోండి. బకెట్ పెడితే నిదానంగా వచ్చి మార్చుకోవచ్చు. చెంబు పెడితే నిండగానే వచ్చి మార్చాలి. ఆ టైమ్‌కి ఎవరో వచ్చి తలుపు కొట్టి మాటల్లో పెట్టారా, నీళ్లు కింద పోతాయి. మీకు బలం లేక కాదు, మీరు తలుపు దగ్గర ఉన్నారు కాబట్టి.

ఆ కింద పోయిన నీళ్లే చిటపట. కొన్ని శాంపిల్స్ పోయిన చోట సౌండ్ అతుకు పెట్టినట్టు కలుస్తుంది, టప్‌మని వినిపిస్తుంది. పోయిన చోట టైమ్ కూడా కొంచెం పోతుంది, అందుకే చప్పట్ల తాళం తడబడింది. మైక్ కేబుల్ పాడైతే చిటపట వస్తుంది కానీ తాళం మారదు. ఈ తేడా తెలిస్తే కేబుళ్లు మార్చి డబ్బులు పోగొట్టుకోరు.

ఇప్పుడు లెక్క చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిల్స్ బఫర్ అంటే 1.33 మిల్లీసెకన్లు. అంటే ప్రాసెసర్ సెకనుకి 750 సార్లు వచ్చి చెంబు మార్చాలి. 128 అయితే 2.67 మిల్లీసెకన్లు, 256 అయితే 5.33. 512 పెడితే 10.67 మిల్లీసెకన్లు, సెకనుకి 94 సార్లు చాలు. గిటార్ వాయించేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యం ఉండకూడదని నేను 64 పెట్టుకున్నా, అది అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ పాడేటప్పుడు హెడ్‌ఫోన్సే పెట్టుకోలేదు! ఆలస్యం వినేవాళ్లే లేనప్పుడు 64 ఎందుకు? ఒకవేళ పాడేవాళ్లు తమ గొంతు వినాలనుకున్నా, చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద డైరెక్ట్ మానిటర్ అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది. అప్పుడు బఫర్ ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు.

512 చేశా. సిస్టమ్ ఇంటరప్ట్స్ 14 నుంచి 9కి దిగింది. చిటపట చాలా తగ్గింది కానీ నిమిషానికి ఒకటి రెండు మిగిలే ఉన్నాయి. చాలా వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి, "బఫర్ పెంచండి, అయిపోయింది" అని. 9 శాతం ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా అయిపోయిందనడం నాకు నచ్చలేదు.

తలుపు కొడుతున్నది ఎవరు?

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్దాం. ఏదైనా పరికరానికి ప్రాసెసర్‌తో పని పడితే ఇంటరప్ట్ పంపిస్తుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి చిన్న జవాబిచ్చి, మిగతా పనిని కాసేపట్లో చేద్దామని వాయిదా వేస్తుంది. ఆ వాయిదా పనులనే డీపీసీ అంటారు. చిక్కు ఏంటంటే, ఈ డీపీసీలకి మామూలు ప్రోగ్రామ్‌లన్నిటికంటే పై ప్రాధాన్యం ఉంటుంది. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత అర్జెంట్‌లో ఉన్నా, ఆ కోర్ మీద నడుస్తున్న డీపీసీ అయిపోయేదాకా ఆగాల్సిందే. మంచి డ్రైవర్ అయితే కొన్ని మైక్రోసెకన్లలో ముగించి పక్కకి తప్పుకుంటుంది. సరిగ్గా రాయని డ్రైవర్ మిల్లీసెకన్ల కొద్దీ కూర్చుంటుంది. 1.33 మిల్లీసెకన్ల చెంబు పెట్టి, 4 మిల్లీసెకన్లు తలుపు దగ్గర మాట్లాడుతూ నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 512 పెట్టినా ఇలాంటివి రెండు మూడు వరుసగా వస్తే అదే గతి.

దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే టూల్ ఉంది, ఇంట్లో వాడుకోవడానికి ఫ్రీ. ఇన్‌స్టాల్ చేసి, ఆకుపచ్చ ప్లే బటన్ నొక్కి, మీరు మామూలుగా చేసే రికార్డింగ్ పని చేస్తూ పది నిమిషాలు వదిలేయండి. ఖాళీ మెషీన్ మీద నడిపితే ఏమీ తెలియదు. తర్వాత డ్రైవర్స్ ట్యాబ్‌లోకి వెళ్లి ఎక్కువ టైమ్ తీసుకున్నవాటి ప్రకారం సార్ట్ చేయండి. అంకెలు మైక్రోసెకన్లలో ఉంటే 1000 అంటే ఒక మిల్లీసెకన్ అని లెక్కేసుకోండి.

నాకు పైన కనిపించింది ఎన్‌డీఐఎస్ డాట్ సిస్, 4 మిల్లీసెకన్లకి పైనే. ఈ పేరు చూసి విండోస్‌ని తిట్టొద్దు. అది విండోస్ నెట్‌వర్క్ గేటు లాంటిది, వైఫై కానీ ల్యాన్ కానీ ఏ కార్డ్ డ్రైవరైనా దాని గుండానే వెళ్లాలి. గేటు దగ్గర జామ్ అయితే తప్పు గేటుది కాదు, బండిది. నా బండి ఆ డాంగిల్. మీకు వేరే పేర్లు రావచ్చు. ఎన్‌వీఎల్‌డీడీఎమ్‌కేఎమ్ అని ఉంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు, స్టోర్‌పోర్ట్ అని ఉంటే డిస్క్ వైపు, ఏసీపీఐ అని ఉంటే పవర్, బ్యాటరీ వైపు చూడండి. ఏసీపీఐకి డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ ఎంట్రీనే డిసేబుల్ చేయమని కొందరు చెప్తారు. అలా చేస్తే చార్జింగ్ ఎంత ఉందో కూడా కనిపించదు. నేనైతే ముందు బయాస్ అప్‌డేట్ ఉందేమో చూస్తా.

డాంగిల్ పీకేశా. సిస్టమ్ ఇంటరప్ట్స్ ఒక్క శాతం లోపుకి పడిపోయింది. ఐదు నిమిషాలు నేనే చప్పట్లు కొట్టి రికార్డ్ చేస్తే ఒక్క టప్ లేదు. పక్క మంచం మీద నుంచి "అర్ధరాత్రి చప్పట్లేంది రా" అని వినిపించింది. మళ్లీ పెట్టా, మళ్లీ ఎక్కింది. పీకా, దిగింది. మూడుసార్లు ఇలాగే చేసి చూశాకే నమ్మా. కరెంట్ పోయినప్పుడు ఎందుకు పెరిగిందో కూడా అప్పుడే వెలిగింది: రౌటర్ ఆగిపోయేసరికి డాంగిల్ నెట్‌వర్క్ కోసం ఆగకుండా వెతుకుతూ కూర్చుంది. ఆ పాపం బ్యాటరీ మీద వేశా.

హబ్ సంగతి

డాంగిల్ తప్పు సగమే, మిగతా సగం నాది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, రెండు చానెల్స్ అంటే 2.3 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 హైస్పీడ్ లైన్ 480 మెగాబిట్లు. కాబట్టి దారి ఇరుకై కాదు. ఆడియోకి కావాల్సింది వెడల్పు కాదు, టైమ్‌కి రావడం. ఒకే హబ్ వెనక వైఫై డాంగిల్, ఇంటర్‌ఫేస్ రెండూ ఒకే వైర్ మీద పోటీ పడుతుంటే ఆ టైమింగ్‌కి భరోసా ఉండదు.

పవర్ లెక్క కూడా ఉంది. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు. సొంత అడాప్టర్ లేని హబ్ అయితే రూల్ ప్రకారం ఒక్కో పోర్ట్‌కి 100 మిల్లీ ఆంపియర్లే లెక్క. కండెన్సర్ మైక్ కోసం 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా ఇంటర్‌ఫేస్ అందులోంచే తయారు చేసుకోవాలి. అందుకే ఇంటర్‌ఫేస్‌ని ఎప్పుడూ నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కే పెట్టండి. టేబుల్ నీట్‌గా లేకపోతే కొంపలేం మునగవు.

ఇంకో 6 శాతం ఆడియోడీజీ అనే ప్రాసెస్ తింటోంది. ఇది విండోస్ ఆడియో ఎఫెక్ట్‌లు నడిచే చోటు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, తర్వాత సౌండ్‌లోకి వెళ్లి మీ ఇంటర్‌ఫేస్ మీద నొక్కి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. అక్కడే శాంపిల్ రేట్ చూడండి, విండోస్‌లో ఒకటి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకొకటి ఉంటే రెండూ ఒకటే చేయండి. నాకు ఒకచోట 44.1, ఒకచోట 48 ఉంది. విండోస్ మామూలు సౌండ్లకి డిఫాల్ట్ డివైస్‌గా ఇంటర్‌ఫేస్‌ని కాకుండా ల్యాప్‌టాప్ స్పీకర్లనే ఉంచండి, నోటిఫికేషన్ టింగ్ మధ్యలో దూరదు.

డ్రైవర్ విషయం కూడా ఒక మాట. విండోస్ 10లో 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి యూఎస్‌బీ ఆడియో 2.0కి సొంత డ్రైవర్ ఉంది, అందుకే ఇంటర్‌ఫేస్ పెట్టగానే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పనిచేసేస్తుంది. పనిచేస్తోంది కదా అని అక్కడే ఆగకండి. కంపెనీ సైట్‌లో ఆసియో డ్రైవర్ ఉంటే అదే వేసుకోండి. ఆసియో అంటే స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి, విండోస్ మిక్సర్‌ని పక్కనపెట్టి సాఫ్ట్‌వేర్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌తో కలుపుతుంది. కంపెనీ ఇవ్వకపోతేనే ఆసియో ఫర్ ఆల్. రెండూ ఉంటే ఏది బెటర్ అని అడుగుతుంటారు, కంపెనీదే.

పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కనిపిస్తే ఆపేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ లైన్ కనిపించదు, కంగారు పడక్కర్లేదు. రికార్డింగ్ అప్పుడు చార్జర్ పెట్టే ఉంచండి. చార్జర్ పెడితే హమ్ శబ్దం వస్తోందంటే అది ఎర్తింగ్ గొడవ, ఈ చిటపటతో సంబంధం లేదు.

అన్నిటికంటే ముందు, ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చి ఐదు నిమిషాలు రికార్డ్ చేసి, ఇంటరప్ట్స్ శాతం కాగితం మీద రాసుకోండి. రీపర్ వాడేవాళ్లు పెర్ఫార్మెన్స్ మీటర్ కూడా తెరిచి పెట్టుకోండి, టాస్క్ మేనేజర్‌లో కనిపించని ఆలస్యం అందులో కనిపిస్తుంది. నేను ఆ రాత్రి అన్నీ ఒకేసారి మార్చేసి ఉంటే ఏది పనిచేసిందో ఇప్పటికీ తెలిసేది కాదు.

తెల్లవారుజామున ఐదింటికి పెద్దమ్మని లేపి చాయ్ పెట్టిచ్చా. డాంగిల్ డ్రాయర్‌లో, ఇంటర్‌ఫేస్ నేరుగా పోర్ట్‌లో, బఫర్ 512. ఒకవేళ ఏదైనా తేడా వస్తే అని పక్కన ఫోన్ రికార్డర్ కూడా ఆన్ చేసి పెట్టా, ఇది మీరూ అలవాటు చేసుకోండి. ఈసారి నాలుగు కాదు, ఏడు పాటలు పాడింది. హెడ్‌ఫోన్స్ పెడితే మొదటి పాట సగం విని, "గిప్పుడు అమ్మ లెక్కనే ఉన్నది" అని తీసేసింది. స్టేషన్‌కి టైమైపోయింది.

డాంగిల్‌కి తర్వాత కొత్త డ్రైవర్ వేసి, వేరే పోర్ట్‌లో పెట్టి చూశా. 4 మిల్లీసెకన్లు కాస్తా ఒకటికి దిగింది. బ్రౌజింగ్‌కి చాలు, 64 బఫర్‌కి చాలదు, కాబట్టి రికార్డింగ్ అప్పుడు పీకేస్తున్నా. మామూలు వైఫై ఉన్నవాళ్లు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి టెస్ట్ చేస్తే సరిపోతుంది. నాన్నకి ఫోన్ చేసి ల్యాప్‌టాప్ వద్దని చెప్పా. మొన్న విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి పడ్డాక ఎన్‌హాన్స్‌మెంట్స్ మళ్లీ వాటంతట అవే ఆన్ అయ్యాయి. మీకూ అప్‌డేట్ తర్వాత చిటపట తిరిగొస్తే ముందు అక్కడ చూడండి.